పిలుపు విషయంలో తొందర వద్దు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉదయం నుంచి పిల్లల చదువుల మీద, ఉద్యోగాల మీద మంచి మాటలు విన్నాం. ఇంజనీరింగు, మెడిసిన్, గ్రూప్స్, విదేశీ చదువులు, వీటన్నిటికీ దారి చూపించగలవాళ్ళు మనలోనే ఉన్నారు. నేను దక్షిణ ఇండియా సంఘంలో, అంటే మనం సీఎస్ఐ అనే సంఘంలో, ప్రెస్బిటరుగా పనిచేసి రిటైరయ్యాను. థియాలజీ చదువుకు వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నాను. అందుకని ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక చదువు గురించి మాట్లాడతాను. సేవకు వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేక నలిగిపోయే పిల్లల గురించి మాట్లాడతాను. మన బడిలో అన్ని మతాల పిల్లలూ చదివారు. నేను చెప్పేది క్రైస్తవుల ఇళ్ళలో జరిగే విషయమే అయినా, కొడుకును వేదపాఠశాలకో మదర్సాకో పంపాలనుకునే ఇళ్ళలోనూ ఈ ప్రశ్న ఉంటుందని నా నమ్మకం.

ముందు ఈ చదువు ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెబుతాను. మన ప్రాంతంలో ఎక్కువమందికి తెలిసినది హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కాలేజీ. అది 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారింది. డిగ్రీ అయినవాళ్ళు అక్కడ మామూలుగా నాలుగేళ్ళు బీడీ చదువుతారు. పట్టా సేరంపూరు నుంచి వస్తుంది. విలియం కేరీ, ఆయన మిత్రులు 1818లో స్థాపించిన కాలేజీ అది. బైబిలు, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, ప్రసంగం చేసే పద్ధతి, వీటితోపాటు హెబ్రీ, గ్రీకు అక్షరాలు కూడా దిద్దాలి. అక్కడికి వెళ్ళేముందు పాస్టరేట్ కమిటీ సిఫారసు కావాలి, డయాసిస్ ఇంటర్వ్యూ జరగాలి. చదువయ్యాక కూడా వెంటనే ప్రెస్బిటరు అయిపోరు. ముందు డీకనుగా అభిషేకం, కొంతకాలం పని, ఆ తర్వాతే ప్రెస్బిటరు.

ఇన్ని మెట్లు ఎందుకు పెట్టారు? నాకు పిలుపు ఉందని ఒక మనిషి లోపల అనుకుంటే సరిపోదు, సంఘం కూడా అతన్ని చూసి అవునవును అనాలి. అలాగే సంఘమంతా అవునన్నా, ఆ మనిషి లోపల కాదంటుంటే అదీ సరిపోదు. ఆ రెండూ కలిసే దాకా ఆగడానికే ఆ మెట్లు. మన ఊళ్ళలో మాత్రం వాటిని ఎక్కడం మొదలుపెట్టాక దిగకూడని మెట్లుగా చూస్తున్నాం. వెనక్కి వచ్చినవాణ్ణి పారిపోయి వచ్చాడంటాం.

ఈమధ్య మన బడిలోనే చదివిన ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. ఎవరో తెలిసే వివరాలేవీ చెప్పను. ఈ సంగతి మీకు చెప్పడానికి అతను ఒప్పుకున్నాడు. అతని పసితనంలో జ్వరం వచ్చి ఆశ వదులుకున్న రాత్రి తల్లి మొక్కుకుంది, బిడ్డ బతికితే దేవుని సేవకు ఇస్తానని. బిడ్డ బతికాడు. నడక వచ్చినప్పటినుంచీ చర్చిలో అందరూ అతన్ని చిన్న అయ్యగారు అనే పిలిచారు. డిగ్రీ అయింది. కమిటీ సిఫారసు ఉత్తరం సిద్ధమైంది. దరఖాస్తు మీద సంతకం పెట్టడమే మిగిలింది. అప్పుడు నాతో అన్నాడు: "అయ్యగారూ, అమ్మకు కాదని చెప్పలేను. దేవుడికి అవునని చెప్పలేకపోతున్నాను."

ప్రార్థన మానేశావా అని అడిగాను. లేదన్నాడు. నమ్మకం పోయిందా అంటే లేదన్నాడు. పిల్లలకు లెక్కలు చెప్పడం ఇష్టమట. ప్రసంగ పీఠం ఎక్కమంటే ఎక్కుతాడు గాని, తనది కాని చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుందట. అది తన భయమో, దేవుడే వద్దంటున్నాడో తెలియడం లేదన్నాడు.

ఇలాంటి పిల్లలకు మనం మామూలుగా మోషే కథ చెబుతాం. ఆయన కూడా తనకు మాట సరిగా రాదన్నాడు, యిర్మీయా కూడా తాను చిన్నవాణ్ణన్నాడు, దేవుడు వాళ్ళను వదిలిపెట్టలేదు కదా అంటాం. అది నిజమే. అయితే సందేహపడే ప్రతివాడూ మోషే కావాలని లేదు. నేను ఆ కుర్రాడికి సమూయేలు కథ గుర్తు చేశాను. అతని తల్లి హన్నా కూడా మొక్కుకుంది. పాలు విడిచాక బిడ్డను షిలోహు మందిరంలో విడిచి వచ్చింది. కాని పిలుపు ఆ రోజు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఒక రాత్రి, అతని పేరుతో వచ్చింది. తల్లి మొక్కు అతన్ని మందిరం దాకా తెచ్చింది, అంతే. జవాబు అతనే చెప్పాల్సి వచ్చింది. పైగా అతను ఆ స్వరాన్ని గుర్తుపట్టలేదు. మూడుసార్లు లేచి ముసలి గురువు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ ఏం చేశాడో చూడండి. మొదటి రెండుసార్లు వెళ్ళి పడుకోమన్నాడు. మూడోసారి విషయం అర్థమయ్యాక కూడా కుర్రాడి తరఫున తాను జవాబు చెప్పలేదు. మళ్ళీ వినిపిస్తే ఏమనాలో నేర్పి, తిరిగి పడుకోమని పంపించాడు. ఉపాధ్యాయులుగా మనం చేయాల్సిన పని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఇక తల్లి సంగతి. ఆమె మనసులో ఉన్నది మొండితనమని నేను అనుకోను. మాట తప్పితే బిడ్డకు ఏమవుతుందోనన్న భయం అది. ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. నేను వాళ్ళింటికి వెళ్ళి లేవీయకాండం 27వ అధ్యాయం తీసి చదివాను. మనిషిని దేవునికి మొక్కుకున్నవాళ్ళు ఆ మనిషికి బదులుగా వెండి చెల్లించవచ్చని, వయసును బట్టి ఎంతో, అంత ఇచ్చుకోలేని బీదవాడైతే యాజకుడు అతని స్తోమతను బట్టి వెల కట్టాలని అక్కడ ఉంది. అంటే మొక్కు కింద మనిషి నలిగిపోకుండా ధర్మశాస్త్రమే దారి పెట్టింది. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే ఎంత కట్టమంటారు అయ్యగారూ?" అంది. "ఏమీ కట్టొద్దు. ఒక్క ఏడాది ఆగమ్మా, చాలు" అన్నాను. అంత సులువుగా ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు కొడుకుతో సరిగా మాట్లాడలేదు కూడా. చివరికి సరేనంది.

ఆ ఏడాదికి నేను అతనికి కొన్ని పనులు చెప్పాను. ఇలాంటి స్థితిలో ఉన్న ఎవరికైనా పనికొస్తాయని మీకూ చెబుతున్నాను.

మొదటిది, ఒక పల్లె పాస్టరుగారి వెంట తిరగడం. ఆదివారం ఒక్కరోజు చూస్తే ఈ పని తెలియదు. ఒక్క అయ్యగారి కింద నాలుగైదు ఊళ్ళుంటాయి. అర్ధరాత్రి చావు కబురు వస్తుంది. ఆస్పత్రిలో రోగి పక్కన మాటలు దొరకవు. పండగ చందా లెక్క దగ్గర రెండు వర్గాలు కొట్టుకుంటాయి. బదిలీ అయినప్పుడల్లా పిల్లల బడి మారుతుంది. ఇవన్నీ చూశాక కూడా మనసు అటే లాగితే ఆ లాగడానికి విలువ ఉంది.

రెండోది, ఎవరూ చూడని పని ఒకటి పట్టుకోవడం. ముసలివాళ్ళ ఇంటికి వారం వారం వెళ్ళడమో, సండే స్కూలు చిన్నపిల్లల తరగతో. అయ్యగారూ అనే పిలుపు లేకుండా కూడా ఆ పని ఇష్టంగా ఉందా అని చూసుకోవాలి.

మూడోది, చేతిలో ఉన్న చదువునూ ఉద్యోగాన్నీ వదలకపోవడం. వేరే దారి లేక వచ్చినవాడు ఇంటర్వ్యూలో మాకు తెలిసిపోతాడు. ఉన్న దారి వదిలి వచ్చినవాడూ తెలిసిపోతాడు.

నాలుగోది, మొహమాటం లేకుండా నిజం చెప్పే ఇద్దరిని అడగడం. అందులో ఒకరు చర్చికి సంబంధం లేనివారైతే ఇంకా మంచిది.

ఆలస్యమైతే దేవుడు వేరేవాళ్ళను చూసుకుంటాడేమోనని కుర్రాళ్ళు భయపడతారు. వాళ్ళకు నేను అజరయ్య గారి గురించి చెబుతాను. తిరునల్వేలి దగ్గర ఒక పల్లె పాస్టరుగారి కొడుకు ఆయన. పదేళ్ళకు పైగా వైఎంసీఏలో పనిచేశారు. ముప్పై అయిదేళ్ళ ప్రాంతంలో, 1909లో, గురువుగా అభిషేకం పొంది దోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. అంతకుముందు ఆయన గడిపిన ఏళ్ళు వృథా అని ఎవరంటారు? ఆడపిల్లలకు కూడా ఒక మాట. 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, సీఎస్ఐలో ఆ పదవి చేపట్టిన మొదటి స్త్రీ ఆమె. మీ సందేహాన్ని కూడా మేము ఇంతే శ్రద్ధగా వినాలి.

కతోలిక సంఘ చట్టం ఒక మాట స్పష్టంగా చెబుతుంది. ఏ కారణంతోనూ, ఏ విధంగానూ ఎవరినీ గురుపట్టాభిషేకానికి బలవంతపెట్టకూడదని. 25 ఏళ్ళు నిండకుండా మామూలుగా గురుపట్టా ఇవ్వరు. వందల ఏళ్ళ అనుభవం మీద పెట్టుకున్న నియమాలు అవి. ఇష్టం లేకుండా వచ్చిన గురువు వల్ల ముందు అతను, తర్వాత ఇంటివాళ్ళు, ఆ తర్వాత సంఘం బాధపడతారు.

మిత్రులారా, మన సంఘం పేద పిల్లలకు ఫీజులు కడుతోంది, పుస్తకాలు ఇస్తోంది. దానితోపాటు ఇంకొకటి చేద్దాం. మన బడిలో చదివిన పిల్ల గాని పిల్లవాడు గాని సేవకు వెళ్తానంటే, వెర్రివాడా అనొద్దు. వెళ్ళలేనంటే, దేవుణ్ణి కాదన్నవాడా అనొద్దు. సగంలో తిరిగి వస్తే, వెళ్ళేముందు ఎలా పలకరించామో అలాగే పలకరిద్దాం, ఉద్యోగం వెతకడంలో సాయపడదాం. చిన్నపిల్లల్ని చిన్న అయ్యగారు అని ముద్దుగా పిలిచే అలవాటు కూడా కాస్త తగ్గించుకుందాం. ఆ పేరు వాళ్ళు పెద్దయ్యాక ఎంత బరువవుతుందో మనకు తెలియదు.

ఆ కుర్రాడు ఇప్పుడు ఒక బడిలో లెక్కలు చెబుతూ, ఆదివారాలు పల్లెలకు వెళ్తున్నాడు. దరఖాస్తు ఇంకా అతని దగ్గరే ఉంది. సంతకం పెడతాడో లేదో నాకు తెలియదు. నేను అడగను, మీరూ అడగకండి. ఏది తేల్చుకున్నా అది అతని సొంత మాటగా ఉండాలని మాత్రం ప్రార్థిస్తున్నాను.