మాట చివరి అక్షరం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టరు ఇంగ్లీషు గురించి చెప్పడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. చెప్పక తప్పని అవసరం వచ్చింది కనుకనే నిలబడ్డాము. మైనారిటీ గురుకులాలు 2016లో ఇంగ్లీషు మీడియంలోనే మొదలైనవి. 2022లో ప్రభుత్వ బడులలోకి కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మన పిల్లల చెవులకు ఎంత పని పడిందో చూడండి.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. డిక్టేషన్‌లో ‘వాక్ట్’ అని రాయవలసిన చోట ‘వాక్’ అని, ‘బుక్స్’ ఉన్నచోట ‘బుక్’ అని రాసేది. నోటుబుక్కు నిండా మేము ఎర్ర సిరా గీతలు పెట్టాము. తండ్రిని పిలిపించి, గ్రామరు రాదని చెప్పాము. రానిదానికి చదువెందుకని ఆయన బడి మాన్పించేదాకా వచ్చాడు. అప్పుడా పిల్ల మెల్లగా “సార్, మీరు ‘వాక్’ అనే అన్నరు గదా” అన్నది. మాకు కోపం వచ్చింది. ఆ రాత్రి మాత్రం అదే పాఠం సెల్‌ఫోనులో చదివి, రికార్డు చేసుకొని విన్నాము. చివర ‘ట్’ లేదు! పొద్దున్నే వాళ్ళింటికి పోయి ఆ తండ్రికి సంగతి చెప్పి వచ్చాము.

ఇదెందుకు జరుగుతుంది? తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉండాలి, లేదా మన పట్నం పేరులో ఉన్నట్టు సున్న ఉండాలి. అందుకే ‘బస్’ మనకు బస్సు, ‘బుక్’ బుక్కు, ‘కార్’ కారు అయినవి. అదేమీ తప్పు కాదు. జపాను వారు కూడా ‘బసు’ అనే అంటారు, ‘హోటల్’ను ‘హోతెరు’ అంటారు. తెలుగు మాట్లాడేటప్పుడు బస్సు అనే అనాలి. ఇంగ్లీషు వాక్యంలో కూడా ఆ ‘ఉ’ను వెంట తీసుకుపోతేనే చిక్కు.

ఉర్దూలో ఈ ఇబ్బంది తక్కువ. కితాబ్, కలమ్, దోస్త్ అని హల్లు మీద ఆగడం మనకు అలవాటే. కాని చివర రెండు హల్లులు కలిస్తే మన దక్కనీ నాలుక నడుమ ఒక అచ్చు దూరుస్తుంది. వక్త్ ‘వఖత్’ అవుతుంది, సబ్ర్ ‘సబర్’, అక్ల్ ‘అకల్’. ‘ఫిల్మ్’ను ‘ఫిలిం’ చేసిందీ ఆ నాలుకే. ‘వాక్ట్’ వంటి చోట ఆ అచ్చు కూడా దూరలేక, చివరి హల్లే ఎగిరిపోతుంది.

ఇంగ్లీషులో ఆ చివరి హల్లు మీదనే కాలం, వచనం ఆధారపడి ఉంటాయి. జరిగిపోయిన పనికి రాతలో ‘ఈడీ’ ఒకటే అయినా, నోట అది మూడు తీర్లు: ‘వాక్ట్’లో ట్, ‘ప్లేడ్’లో డ్, ‘వాంటిడ్’లో ఇడ్. ‘కెన్’ అంటే చేయగలను, ‘కాంట్’ అంటే చేయలేను. డ్యూటీకి రాగలవా అని ఫోనులో అడిగితే, ఆ ‘ట్’ మింగిన పిల్లవాడి జవాబు ఎటు అర్థమవుతుందో ఆలోచించండి.

వినడం ఇంకా కష్టం. ఇంగ్లీషువారు ‘సీట్’ అన్నప్పుడు నాలుకను పైకి ఆనించి, చాలాసార్లు అక్కడే ఆపేస్తారు. చప్పుడు బయటికి రాదు. ‘సీడ్’కూ దానికీ తేడా పట్టాలంటే ముందున్న అచ్చును వినాలి. ‘డ్’ ముందు ‘ఈ’ కొంచెం సాగుతుంది, ‘ట్’ ముందు పొట్టిగా తెగుతుంది. ‘బ్యాగ్’, ‘బ్యాక్’ కూడా అంతే. ఈ కిటుకు మాకు నలభై యేండ్లు దాటినాక తెలిసింది. ఇటువంటివి నేర్పే సంస్థ 1958 నుంచి హైదరాబాదులోనే ఉన్నది. అదే 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయమైంది. ఇక్కడికి దగ్గరే, అయినా మా చెవిదాకా రాలేదు!

తల్లులకు ఒక మాట. మీ పిల్లలు ఖురాన్ పాఠంలో ‘అహద్’ దగ్గర ఆగినప్పుడు ఉస్తాద్ ఎలా దిద్దుతారో గుర్తు చేసుకోండి. ‘ద్’ను మింగితే ఒప్పుకోరు, ‘అహదు’ అని అచ్చు తగిలించినా ఒప్పుకోరు. కాఫ్, తా, బా, జీమ్, దాల్ అనే ఐదు అక్షరాలు సుకూన్ మీద ఉన్నప్పుడు చిన్నగా అదరాలి. దానిని కల్‌కలా అంటారు. ఇంగ్లీషులో కల్‌కలా చేయమని మేము చెప్పడం లేదు. మాట చివరి అక్షరాన్ని పట్టించుకునే చెవి ఆ పిల్లలకు ముందే ఉన్నదని చెబుతున్నాము. ఆ చెవిని ఇంగ్లీషు పుస్తకం ముందుకు కూడా తెచ్చుకోవాలి.

మేము చేయిస్తున్నది ఇంతే. రెండు మాటలు చదువుతాము, ‘సీట్, సీడ్’ అనో, ‘బుక్, బుక్స్’ అనో. ఒకటే మాటా, వేరు మాటలా అని పిల్లలు చెయ్యెత్తి చెప్పాలి. నాలుగైదు రోజులు నోరు తెరవనియ్యము. చెవికి పట్టినాకనే నోటికి. మొదట్లో మమ్మల్ని చూసి ఊహించి చెబుతారు, అందుకని పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుంటాము. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. మొన్న కలిసినప్పుడు మేము ‘ఆస్క్’ అంటే, “‘ఆస్క్ట్’ సార్” అని దిద్దింది.

ఆదివారం జొహర్ నమాజు తర్వాత గంటసేపు బడిలోనే కూర్చుంటాము. పిల్లలను పంపండి, ఇంట్లో ఉంటే ఒక సెల్‌ఫోను ఇచ్చి పంపండి. తల్లులు వచ్చినా కుర్చీలు ఉన్నవి. ఖుదా హాఫిజ్.