లెక్కల్లోకి రాని నొప్పి

(ఆడవాళ్ల ఆరోగ్యం మీద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాదు. డిగ్రీలు చదివి, పత్రికల్లో రాసుకుంట, ఉద్యమంలో తిరిగినవాళ్లం. ఉద్యమం మాకు నేర్పిన ముచ్చట ఒక్కటే: ఏదడిగినా ముందు లెక్క అడగాలె. కొలువుల లెక్క, నీళ్ల లెక్క అట్లనే అడిగినం. ఇయ్యాల ఒక రోగం లెక్క అడగడానికి వచ్చినం. దాని పేరు లూపస్.

ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే ఒంటి మీదికి తిరగబడే రోగమిది. కీళ్లు, చర్మం, రక్తం, కిడ్నీలు, మెదడు, దేన్నైనా పట్టొచ్చు. అంటురోగం కాదు. పదిమంది రోగుల్లో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే. అందులో ఎక్కువమందికి పిల్లల్ని కనే వయసులోనే వస్తది.

ఇది మన దేశంలో ఎంతమందికి ఉన్నది? 1993లో ఒక అధ్యయనం అచ్చయింది. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో సుమారు 92 వేల మందిలో వెతికితే ముగ్గురు దొరికిండ్రు. అంటే లక్షకు మూడు. ఇండియాలో లూపస్ అరుదు అనే మాటకు ఈ అంకెనే చూపిస్తరు.

ఇప్పుడు ఇంకో లెక్క వినండి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో చేసిన అధ్యయనం 1995లో వచ్చింది. అక్కడి తెల్లవాళ్లలో లక్షకు దాదాపు 21 మందికి లూపస్ ఉంటే, మన ఉపఖండం నుంచి పోయి స్థిరపడ్డ ఆసియా వాళ్లలో దాదాపు 47 మందికి ఉన్నది. తెల్లవాళ్ల కన్నా రెట్టింపు పైనే!

సముద్రం దాటంగనే మనోళ్లకు రోగం అంత పెరిగిందా? చోటు మారితే కొంత తేడా రావచ్చు, కాదనం. ఢిల్లీ అధ్యయనం తప్పని కూడా మేమంటలేం. ముగ్గురి మీద కట్టిన లెక్క కాబట్టి సున్నా నుంచి ఏడు దాకా ఉండొచ్చని అది చేసినవాళ్లే రాసిండ్రు. అది ఆ పల్లెల లెక్క. దాన్ని దేశమంతటికీ, మన ఊళ్లకూ అంటగట్టుడే తప్పు.

రోగి లెక్కకెక్కాలంటే రెండు కావాలె. ఒకటి, రోగాన్ని గుర్తుపట్టాలె. బీడీలు చుట్టే ఒక అక్కతో మేము కూసుండి మాట్లాడినం. వేళ్ల కీళ్లు వాస్తే బీడీల పని వల్లనే అనుకున్నది. ముఖం మీది మచ్చలను మంగు అన్నరు. జ్వరమొస్తే ఊరి ఆర్‌ఎంపీ సూది ఏసిండు. వెంట్రుకలు ఊడితే దిష్టి అన్నరు. కాళ్లు వాచి, మూత్రం నురగ కట్టినంక పట్నం తీస్కపోతే అప్పుడు లూపస్ అన్నరు. అప్పటికి మూడేండ్లు గడిచినయి, కిడ్నీలు దెబ్బతిన్నయి. ఆ మూడేండ్లు ఆమె ఏ లెక్కల ఉన్నట్టు?

రెండోది, రోగి బతికుండాలె. లక్షకు ఇంతమంది అని చెప్పేటప్పుడు బతికున్న రోగులనే లెక్కవెడుతరు. వైద్యం అందక తొందరగా పోతే ఆ అంకె చిన్నగయితది. అందుకే చిన్న అంకె చూసి సంబరపడొద్దు. అది రోగం తక్కువని చెప్తున్నదో, పోయినవాళ్లు ఎక్కువని చెప్తున్నదో అడగాలె.

అంకె లేకుంటే డాక్టరు పోస్టు రాదు, పరీక్ష రాదు, మందు రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీపీ, షుగరు, రక్తహీనత కొలిచిండ్రు. లూపస్ ఊసే లేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే గోలీ ఈ రోగానికి మూల మందు. 2020లో అది కరోనాకు పనిచేస్తదని ప్రచారమైతే జనం ఎగబడి కొన్నరు. దాని మీదనే బతుకుతున్న లూపస్ రోగులు గోలీ దొరకక తిప్పలు పడ్డరు.

మేము అడిగేది పెద్దదేం కాదు. వయసు ఆడపిల్లకు వారాల తరబడి కీళ్ల నొప్పులు, జ్వరం, ఎండకు ఎర్రబడే ముఖం, నోటి పుండ్లు ఉంటే పని నొప్పని తోలియ్యొద్దు. మూత్రంలో ప్రోటీన్ పోతున్నదా చూడాలె. అది ఖరీదు పరీక్ష కాదు. ఏఎన్ఏ అనే రక్తపరీక్ష అందుబాటుల ఉండాలె. అయితే అదొక్కటి పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ అని భయపడొద్దు, లక్షణాలతో కలిపి చూడాలె. జిల్లా ఆస్పత్రిలో ఒక రిజిస్టరు పెట్టి, గుర్తించిన ప్రతి రోగినీ రాయాలె.

2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. లెక్క అడిగే అలవాటు మాత్రం మానొద్దు. నొప్పి అన్న ఆడమనిషిని ముందు నమ్ముదాం, తర్వాత లెక్క రాపిద్దాం.