పసిగుండెకు పెండింగు లేదు



నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ‘పెండింగు’ అన్న మాట నాకు బాగా పరిచయం. ఫైలు ఆర్నెల్లు ఆగితే మహా అయితే దుమ్ము పడుతుంది. పసిబిడ్డ గుండెలో పెద్ద రంధ్రం ఉంటే మాత్రం ఊపిరితిత్తుల్లోకి రక్తం ఒత్తిడితో పోయి, అక్కడి నాళాలు గట్టిపడతాయి. ఆ దశ దాటాక రంధ్రం మూయడానికీ వీలుండదు.

2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ వచ్చింది. రైళ్లు, బస్సులు ఆగాయి. ఆరోగ్యశ్రీ కార్డు చేతిలో ఉన్నా పల్లె నుంచి హైదరాబాదు చేరేదెట్లా? ఆ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దేశంలోని 24 కేంద్రాల లెక్క తీస్తే, పిల్లల గుండె ఆపరేషన్లు ముందటి ఏడాదిలో దాదాపు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆపరేషన్ అయినవారిలోనూ మరణాల శాతం పెరిగింది.

ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి. పాలు తాగుతూ చెమటలు పట్టే మనవణ్ణి, మనవరాలిని దిష్టి తగిలిందని ఇంట్లో ఉంచకండి, ఎకో తీయించండి.