బొమ్మ ముందు రెండు నిమిషాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు నన్ను వృత్తిలో సాధించిన విజయాల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మీద నాకు ముందు ముగ్గురు మాట్లాడారు, ముగ్గురూ చక్కగా మాట్లాడారు. కాబట్టి నేను ఫెయిలైన ఒక పరీక్ష గురించి చెబుతాను. పదినిమిషాలు ఓపిక పట్టండి, భోజనాలు ఎలాగూ ఇంకా సిద్ధం కాలేదట.

నేను 1984 పదో తరగతి బ్యాచ్. స్ట్రక్చరల్ ఇంజనీరుని. భవనాలకూ వంతెనలకూ లెక్కలు కట్టడం నా పని. బడిలో నా పక్కన కూర్చునేవాడు బొమ్మలు వేసేవాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మా బ్యాచ్ వాళ్లకి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. నా సైన్సు రికార్డులో మందార పువ్వు, కప్ప జీర్ణవ్యవస్థ, మనిషి గుండె అన్నీ వాడు వేసినవే. మార్కులు మాత్రం నాకు పడ్డాయి. బదులుగా వాడికి లెక్కలు చెప్పానని చాలాకాలం అనుకున్నాను. నిజానికి పరీక్షలో చూపించాను, అంతే. చెప్పలేదు.

పది అయ్యాక నేను ఇంటర్‌కి గుంటూరు వెళ్లాను. వాడు బోర్డులు రాసే ఆర్టిస్టు దగ్గర చేరాడు. ఎరువుల కొట్లు, బట్టల షాపులు, సినిమా బోర్డులు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు. చెయ్యి తీయకుండా ఐదు నిమిషాల్లో గుర్తు వేసేవాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నెలల తేడాలో చేతిలో పని పోయింది. హైదరాబాదు వెళ్లి అపార్ట్‌మెంట్లలో పిల్లలకు డ్రాయింగు నేర్పుతూ, రాత్రిళ్లు తన బొమ్మలు తాను వేసుకున్నాడు.

కొన్నేళ్ల కిందట ఒకరోజు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నా బొమ్మలు గ్యాలరీలో పెడుతున్నారు. సాయంత్రం రా" అన్నాడు. ఎనిమిదిమంది చిత్రకారులు, ముగ్గురు శిల్పులు కలిసి పెట్టిన ప్రదర్శన అది. వెళ్లాను.

అక్కడ దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు, ముఖ్య అతిథి మాట్లాడారు. తర్వాత సమోసాలు, జీడిపప్పు, టీలు. ఓ వందమంది ఉంటారు. అందరూ గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటున్నారు, వీపులు గోడలకేసి. గోడల మీద బొమ్మలు, బొమ్మల పక్కన వాటిని వేసినవాళ్లు. పెళ్లిలో ఆడపిల్ల తండ్రి నిలబడినట్టు నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకుని, విప్పి, మళ్లీ కట్టుకుని. అమ్ముడుపోయిన బొమ్మ కింద చిన్న ఎర్ర చుక్క అతికిస్తారు. ఎవరైనా ఆగి చూస్తే వాళ్ల కళ్లు వెలిగేవి, కదిలి వెళితే ఆ చుక్క లేని చోటుకు చూపు దిగేది.

నేనేం చేశాను? ముగ్గురు బిల్డర్లు కనిపిస్తే వాళ్లతో అరగంట మాట్లాడాను. మా వాడి బొమ్మ ముందు నిలబడి "సూపర్‌రా" అని భుజం తట్టాను. సెల్ఫీ తీసుకున్నాను. మన బ్యాచ్ గ్రూపులో పెట్టాను. నలభై చప్పట్లు వచ్చాయి. ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఫోన్ చేసి అడిగాడు. "ఏరా, ఏం చూశావు?"

"అన్నీ బాగున్నాయిరా."

"అన్నీ కాదు. నా బొమ్మలో ఏం చూశావు?"

ఎర్రగా ఉందన్న సంగతి తప్ప నాకేమీ గుర్తు రాలేదు. వాడు రెండు క్షణాలు ఆగి, "సర్లే, వచ్చావు, అదే చాలు" అన్నాడు. తిట్టినా బాగుండేది. నేను ఫెయిలైన పరీక్ష ఇదే.

ఆ ప్రదర్శన పది రోజులుంది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసు మానేసి మళ్లీ వెళ్లాను. హాలు ఖాళీ. శిల్పుల్లో ఒకావిడ మాత్రం స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ చేసిన ఇనుప బొమ్మ, బిందె ఎత్తుకున్న స్త్రీ, ఒక పాదం మీద ముందుకు బాగా ఒరిగి ఉంది. కళ గురించి ఏం అడగాలో నాకు తెలియదు. తెలిసిందే అడిగాను. "ఇంత ఒరిగింది గదమ్మా, పడిపోకుండా బరువు ఎక్కడ దించారు?"

ఆవిడ లేచి నిలబడింది. "నాలుగు రోజులకు ఒక్కరు అడిగారండీ" అంది. ఆ బొమ్మ వర్క్‌షాపులో మూడుసార్లు పడిందట. కింద పలక మందం పెంచితే నిలబడుతుంది, కానీ నడక పోతుంది. చివరికి వెనక వేలాడే జడను గట్టి ఇనుముతో చేసి, ముందుకు పోయే బరువును దానితో వెనక్కి లాగింది. వంతెన కట్టేటప్పుడు మేమూ చేసేది అదే. అందం కోసం పెట్టిందనుకున్న జడే బొమ్మను నిలబెడుతోంది! అరగంట మాట్లాడుకున్నాం. ఎవరి పని వాళ్లకి తెలిసినంతలో అడిగితే చాలునని ఆ రోజు నాకు అర్థమైంది.

అప్పుడు మా వాడి బొమ్మ దగ్గరికి వెళ్లాను. మిరప కళ్లం అది. నేలంతా ఎర్రగా పరిచిన కాయలు, ముక్కుకు కొంగు చుట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. రెండు నిమిషాలు నిలబడ్డాక కుడివైపు మూలన తెల్లగా ఒక చిన్న కుప్ప కనిపించింది. ఫోన్ చేశాను. "మూలన ఉన్నది తాలు కాయలా?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అందరూ ఎరుపు చూస్తార్రా. మా అమ్మకు కూలి వచ్చింది ఆ తాలు ఏరినందుకు."

వాళ్లమ్మ మన డెల్టాలో వరి పనులు లేనప్పుడు మెట్ట ఊళ్లకు కాయల కోతకు, ఏరుడుకు వెళ్లేది. నాకు తెలుసు. ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను. అయినా మొదటిరోజు ఆ కుప్ప నాకు కనిపించలేదు. ఆ బొమ్మ కొందామనుకున్నాను. అప్పటికే కింద ఎర్ర చుక్క ఉంది. ఎవరో తెలియని మనిషి నాకన్నా ముందు దాన్ని చూశాడు. ఇంటికొచ్చి నా సెల్ఫీ తీసి చూస్తే, సరిగ్గా ఆ మూలకు నా భుజం అడ్డం.

మనవాళ్లం ఇలాంటి చోట్ల "మాకేం తెలుసండీ" అంటాం. నేను ఒప్పుకోను. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాణ్ణి చూడండి. టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు, విరుస్తాడు, రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, వాసన చూస్తాడు. అంతసేపు చూసే అలవాటున్న నేల మనది. బొమ్మ ముందుకు వచ్చేసరికి ఆ ఓపిక మరిచిపోతాం.

ఇది కొత్తగా నేర్వాల్సిన విద్య కూడా కాదు. మన పాత గుంటూరు జిల్లా అమరావతి స్తూపానికి శిల్పాలు చేయించినవాళ్లలో రాజులు మాత్రమే లేరు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు ఉన్నారు. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం మీద విధికుడు అనే చర్మకారుడు ఇంటిల్లిపాదితో కలిసి ఇచ్చిన దానమని రాసి ఉంది. చెప్పులు కుట్టే చేతికి ఆ రాతి పని విలువ తెలిసింది. ఆ ఫలకాలు చూడాలంటే ఇప్పుడు చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, లండన్ బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి.

ఒక్కరు సరిగ్గా చూస్తే ఏమవుతుందో రాజమండ్రి చెబుతుంది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఒక కుర్రవాడి బొమ్మలు చూసి బొంబాయి జె.జె. స్కూలులో చదివేలా చేశాడు. ఆ కుర్రవాడే దామెర్ల రామారావు. 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే వెళ్లిపోయినా ఆయన బొమ్మలు ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇవాళ్టికీ ఉన్నాయి. 1966లో మద్రాసు పక్కన చోళమండలం కట్టుకున్న కళాకారులు అన్నం కోసం బాతిక్ గుడ్డలూ చేతివస్తువులూ చేసి అమ్ముకుంటూ, మిగిలిన వేళల్లో తమ బొమ్మలు వేసుకున్నారు. మా వాడు అపార్ట్‌మెంట్లలో డ్రాయింగు చెప్పడం వాళ్ల దారే.

అంత దూరం ఎందుకు? దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో ఉంటూ ప్రపంచ చిత్రకళ గురించి మనకు తెలుగులో చెప్పిన సంజీవదేవ్ గారు (1914–1999) మన ఇరుగుపొరుగే. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి అబ్బాయి రవిచంద్ర గారు పాత ఇనుముతో విగ్రహాలు చేస్తున్నారు. 75 వేల నట్లతో పది అడుగుల గాంధీని చేశారు. నట్టు అంటే ఏమిటో తెలిసిన మెకానిక్కులు, ఇంజనీర్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారు! ఎంతమందిమి వెళ్లి చూశాం?

కాబట్టి స్వర్ణోత్సవ సందర్భంగా నాదొక ప్రతిపాదన. పైలాన్ కడదామని, ఆర్చి కడదామని అంటున్నారు. కడదాం, లెక్కలు ఉచితంగా నేనే కట్టిస్తాను. దాంతోపాటు ఏటా సంక్రాంతి సెలవుల్లో, అందరూ ఊరికి వచ్చినప్పుడు, మన బడి పొడుగు వరండా మూడు రోజులు బొమ్మలకు ఇద్దాం. మన పూర్వ విద్యార్థులవి, చుట్టుపక్కల శిల్పులవి, ఇప్పటి పిల్లలవి. ప్రతి బొమ్మ కింద వేసినవారి పేరు, ధర. గ్యాలరీల్లో అమ్మకం మీద మూడో వంతు నుంచి సగం దాకా కమిషన్ పోవడం మామూలు. ఇక్కడ పైసా తీసుకోవద్దు. శాలువాలు వద్దు, ముఖ్య అతిథి వద్దు. టీ మాత్రం ఉండాలి. వచ్చినవాళ్లకు ఒకటే షరతు. ఏదో ఒక బొమ్మ ముందు రెండు నిమిషాలు నిలబడి, వేసినవారిని ఒక్క ప్రశ్న అడగాలి. "సూపర్" అన్నది ప్రశ్న కాదు.

జాలితో ఎవరూ కొనొద్దు. మా వాడే అన్నాడు, "కొనకపోయినా ఫర్లేదురా, చూసి వెళ్లండి" అని. రికార్డు నిండా బొమ్మలు వేయించుకుని ఒక్కటీ సరిగ్గా చూడని నాకు అది చిన్న మాట కాదు.

మన పొన్నూరు దేవుడి పేరు సాక్షి భావనారాయణ స్వామి. ఇచ్చిన మాటకు సాక్షిగా నిలిచిన దేవుడని చిన్నప్పటి నుంచి విన్నాం. సాక్షి అంటే తన కళ్లతో చూసినవాడు. ఆ ఊరి పిల్లలం మనం.

మా వాడు ఇవాళ సభకు వచ్చాడు. నాలుగో వరసలో ఉన్నాడు. ఎక్కడో చెప్పను. పక్కన కూర్చున్నవాళ్లు వాణ్ణి ఏదైనా అడగండి.

సెలవు.