తీగ ఒకరిది, దారి ఎవరిది?

ఇంటిలోనికి వచ్చు తీగ ఒక్కటే అయినప్పుడు, దాని వెంట ఎవరి సేవ రావలెనో నిర్ణయించు హక్కు ఎవరిది? ఈ ప్రశ్నపై అమెరికాలో 1998 మొదలు 2005 వరకు గొప్ప వ్యాజ్యము నడచినది. ఆ వృత్తాంతమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

మొదట టెలిఫోను సంగతి. 1990 తరువాతి సంవత్సరములలో ఇంటర్నెట్టు టెలిఫోను తీగ మీదనే ఇండ్లకు చేరెడిది. కలియునప్పుడు మోడెము చేసిన కీచుధ్వని శ్రోతలలో కొందరికి జ్ఞాపకముండును. టెలిఫోను కంపెనీ ఎవరు పిలిచినను, ఎవరిని పిలిచినను కలుపవలసినదే. కనుక కొన్ని లైనులు, కొన్ని మోడెములు సంపాదించిన వాడు చిన్న గదిలోనైనను ఇంటర్నెట్టు వ్యాపారము తెరువగలిగెను. అట్టి సంస్థలు ఆ దేశమున వేలకొలది వెలసినవి. ఒకటి నచ్చకున్న గృహస్థుడు మరియొక నంబరు తిప్పెడివాడు, అంతే.

అటుపిమ్మట కేబులు వచ్చినది. టెలివిజన్ కొరకు వేసిన ఈ తీగపై ఇంటర్నెట్టు అనేక రెట్లు వేగముగా నడచును. అయితే టెలిఫోనుకున్న కట్టుబాటు దీనికి లేదు. టి.సి.ఐ. అను పెద్ద కేబులు కంపెనీ తన తీగపై ఎట్‌హోమ్ అను తన అనుబంధ సంస్థనే నిలిపినది. వేరొకరి సేవ కావలెనన్న వాడు దీనికిని దానికిని రెండింటికిని సొమ్ము చెల్లింపవలసి వచ్చెను.

1998లో ఎ.టి. అండ్ టి. కంపెనీ టి.సి.ఐ.ని కొనబూనగా, ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లండు నగరము, మల్ట్నోమా కౌంటీ ఒక షరతు పెట్టినవి: ఇతర సంస్థలను కూడ ఈ తీగపైకి రానీయవలెను. కంపెనీ నిరాకరించి న్యాయస్థానమున కెక్కినది. 1999 జూన్‌లో నగరము గెలిచెను; 2000 జూన్ 22న అప్పీలులో ఓడెను. ఓటమికి చెప్పిన కారణమే వింత. కేబులుపై ఇంటర్నెట్టును మోయుట టెలిఫోను వంటి సేవయే గనుక, కేబులు లైసెన్సు పేరిట నగరము షరతు విధింపరాదనిరి. టెలిఫోను వంటిదే అయినచో అందరికిని తెరువవలెను గదా యని చిన్న సంస్థలకు ఆశ కలిగినది.

ఆ ఆశ నిలువలేదు. 2002 మార్చిలో కేంద్ర కమ్యూనికేషన్ల కమిషను, ఇది 'సమాచార సేవ' మాత్రమే, ఇందులో మోయుట విడిగా అమ్మబడుట లేదు అని తేల్చినది. కాలిఫోర్నియాలోని బ్రాండ్ ఎక్స్ అను చిన్న సంస్థ మొదలైనవారు ఎదిరించిరి. 2003లో అప్పీలు కోర్టులో గెలిచిరి గాని, 2005 జూన్ 27న సుప్రీం కోర్టు ఆరుగురికి ముగ్గురుగా కమిషను మాటనే నిలిపినది. చట్టము స్పష్టముగా లేదు గనుక కమిషను చెప్పిన అర్థమే చెల్లునని న్యాయమూర్తి టామస్ వ్రాసిరి. న్యాయమూర్తి స్కాలియా అంగీకరింపలేదు. పిజ్జా దుకాణమువాడు రొట్టె కాల్చి మన గుమ్మము కడకు తెచ్చియిచ్చుచు, చేరవేయుట మా పని కాదనిన ఎట్లుండునో ఇదియు నట్లేయున్నదని వారి భావము. మాకును అదియే సబబుగా తోచుచున్నది.

కేబులు వారి పక్షమును తోసివేయలేము. పాత తీగను ఇంటర్నెట్టుకు తగినట్లు మార్చుటకు వారు అపార ధనము వెచ్చించిరి. దానికి ప్రతిఫలము దక్కవలసినదే. కాని దారికి సుంకము పుచ్చుకొనుట వేరు, దారిపై తన బండినే నడుపుట వేరు. ఇతరులను రానిచ్చుట అసాధ్యమును కాదు. 2000 డిసెంబరులో అమెరికా ఆన్‌లైన్, టైమ్ వార్నర్ కలయికకు ప్రభుత్వము షరతు పెట్టగా, టైమ్ వార్నర్ కేబులుపై ఎర్త్‌లింక్ అను పోటీ సంస్థ ప్రవేశించినది. తనకు తీగలు లేనినాడు తలుపులు తెరువుమని అందరికన్న బిగ్గరగా అడిగినది ఈ అమెరికా ఆన్‌లైనే! కలయిక కుదిరిన పిదప ఆ కంఠము తగ్గినది.

సుప్రీం కోర్టు తీర్పు వచ్చిన రెండు నెలలలోపుననే, 2005 ఆగస్టులో, కమిషను టెలిఫోను కంపెనీల బ్రాడ్‌బ్యాండు తీగలకును అదే మినహాయింపు నిచ్చినది. వానిపై ఆధారపడిన చిన్న సంస్థలకు ఒక సంవత్సరము గడువు లభించినది.