స్కోరు పుస్తకంలో మిగులుతుంది, చెయ్యి ఫిల్ములోనే మిగులుతుంది

కంకిపాడు నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ మీ ఫోన్లో ఉన్న గేమ్‌తోనే మొదలుపెడదాం. ఎయిట్ బాల్ పూల్. బెజవాడ బస్సు కోసం నిలబడి దాన్ని ఆడని కుర్రాళ్ళు తక్కువే. అందులో కర్ర ఎటు తిప్పితే అటు ఒక తెల్ల గీత కనిపిస్తుంది కదా? బంతి ఎటు పోతుందో ఆ గీతే చెప్పేస్తుంది. మనం వేలితో లాగి వదలడమే.

మరి ఆ గీత లేని రోజుల్లో ఎలా ఆడేవాళ్ళు? దీనికి జవాబు చదివితే సగమే తెలుస్తుంది, చూస్తే మొత్తం తెలుస్తుంది. చూడ్డానికి పాత ఫిల్ములు ఉన్నాయి.

టీవీలు రాకముందు సినిమా హాల్లో అసలు బొమ్మ పడేముందు వార్తల రీలు వేసేవాళ్ళు. బ్రిటన్‌లో అలాంటి రీళ్ళు తీసిన కంపెనీ పాథే. తన దగ్గరున్న దాదాపు 85 వేల ఫిల్ముల్ని 2014లో యూట్యూబ్‌లో పెట్టేసింది. వాటిలో పాతకాలం బిలియర్డ్స్ ఆటగాళ్ళు కూడా ఉన్నారు.

బిలియర్డ్స్ అంటే మీ ఫోన్లో ఉన్న పూల్ కాదండోయ్. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు టేబుల్. దాని మీద మూడే బంతులు. మన బంతి మిగతా రెండింటికీ తగిలితే 2 పాయింట్లు. దాన్ని క్యానన్ అంటారు. ఎర్ర బంతిని జేబులో వేస్తే 3. పాయింట్లు వస్తున్నంత సేపూ వంతు మనదే.

ఇప్పుడు వాల్టర్ లిండ్రమ్ సంగతి వినండి. ఆస్ట్రేలియా మనిషి, 1898లో పుట్టాడు. చిన్నప్పుడు కుడిచేతి చూపుడువేలు కొస తెగిపోయింది. దాంతో ఎడమ చేత్తో ఆడటం నేర్చుకున్నాడు. 1932 జనవరిలో లండన్‌లో జో డేవిస్ మీద ఆడుతూ ఒక్క వంతులో 4,137 పాయింట్లు కొట్టాడు. దాదాపు మూడు గంటలు! అంతసేపూ జో డేవిస్ కుర్చీలో కూర్చుని చూడటమే.

ఆ అంకె రికార్డు పుస్తకంలో ఉంది. కానీ ఎలా కొట్టాడు? మూడు బంతుల్నీ టేబుల్ అంచు దగ్గర గుత్తిగా పెట్టుకుని, పసిపిల్లాణ్ణి తట్టినంత మెల్లగా తడుతూ, అంచు వెంబడే నడిపించుకుపోయేవాడు. ప్రతి తట్టుకీ 2 పాయింట్లు. బంతులు మాత్రం విడిపోవు. దీనికి అడ్డుకట్ట వెయ్యడానికి చివరికి ఆట రూలే మార్చారు. ఇన్ని పాయింట్లకోసారి బంతి టేబుల్ మీద గీసిన ఒక గీత దాటి తీరాలన్నారు. ఒక మనిషి చేతివాటం చూసి రూలు మార్చారంటే ఆ చెయ్యి ఎలాంటిదో ఆలోచించండి.

ఫిల్ము చూసేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, స్పీడు. మూకీల కాలంలో సెకనుకి 16, 18 ఫ్రేములు తీసినవి చాలా ఉన్నాయి. వాటిని 24 చొప్పున వేస్తే మనుషులు గెంతుతున్నట్టు కనిపిస్తారు. అలా అనిపిస్తే స్పీడు 0.75కి తగ్గించండి, నడక మామూలుగా కనిపిస్తుంది. రెండు, వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. వార్తకి దక్కేది ఒకటి రెండు నిమిషాలే. అందుకే కెమెరా వాళ్ళు ఎక్కువగా గారడీ షాట్లే తీశారు. మీరు బంతిని వదిలేసి చెయ్యి చూడండి. కొట్టేముందు ఆగే ఆ అరక్షణం చూడండి. మీ ఫోన్ గీసే గీత అప్పుడు ఆయన బుర్రలో పడుతోంది.

మరి మన సంగతేంటి? పూణెలో పుట్టిన విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచాడు. 1964లో న్యూజిలాండ్‌లో మళ్ళీ గెలిచాడు. క్రికెట్ వరల్డ్ కప్‌కి పాతికేళ్ళ ముందు మాట ఇది. మీలో ఎంతమంది ఆయన క్యూ పట్టుకోవడం చూశారు? హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బిలియర్డ్స్ గది ఇప్పటికీ ఉంది. టేబుల్ లండన్ కంపెనీ బరోస్ అండ్ వాట్స్‌ది. టేబుల్ చూడొచ్చు. దాని మీద ఆడిన చేతుల్ని చూడలేం.

ఫిల్ము తీసినంత మాత్రాన మిగిలిపోదు కూడా. రఘుపతి వెంకయ్య గారు మన మచిలీపట్నం ఆయనే. తెలుగు సినిమాకి పితామహుడంటాం. వాళ్ళ కంపెనీ 1920ల మొదట్లో తీసిన భీష్మప్రతిజ్ఞ ఇవాళ లేదు. 2003లో పూణెలో పాత నైట్రేట్ ఫిల్ములు దాచిన చోట మంటలు లేచి వందల సినిమాలు బూడిదయ్యాయి. ఇళ్ళల్లో ఉన్నవాటికి మంట కూడా అక్కర్లేదు. ఫిల్ము డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వస్తోందంటే అది కుళ్ళడం మొదలైందని అర్థం. బీరువా మీద పడున్న వీడియో క్యాసెట్టుకి బూజు చాలు.

కాబట్టి ఈ వారం మీకో పని. మీ ఊళ్ళో క్యారమ్స్ ఆడే పెద్దాయనో, వాలీబాల్‌లో లిఫ్ట్ ఇచ్చే బాబాయో ఎవరో ఒకరు ఉంటారు కదా, "ఆయన చెయ్యి వేరు రా" అని అందరూ చెప్పుకునే మనిషి. అడిగి, ఒప్పుకుంటే వీడియో తియ్యండి. మొహం కంటే చెయ్యి ఎక్కువ కనపడాలి. పాట వెయ్యొద్దు, స్లో మోషన్ వద్దు, మధ్యలో కట్ చెయ్యొద్దు. ఒక ఆట మొదలు నుంచి చివరిదాకా తీసి, పేరు, ఊరు, తేదీ చెప్పించి, రెండు చోట్ల దాచండి.

లిండ్రమ్ మూడు గంటల ఆటకి ఒక రీలు ఎక్కడా సరిపోయేది కాదు. మీ జేబులో ఉన్నదానికి సరిపోతుంది. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.