దగ్గును దాచుకోకండి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జిల్లా ఆరోగ్య శాఖ చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఆ శాఖ చేసే పనులన్నీ చెప్పాలంటే ఈ పూట చాలదు. టీకాలు, కాన్పులు, మలేరియా, కుష్ఠు, బోరు నీళ్ళలో ఫ్లోరైడు - ఒక్కొక్కటీ ఒక్కో ప్రసంగమవుతుంది. అందుచేత ఒక్క జబ్బునే తీసుకుంటాను. అది క్షయ. మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి టి.బి. అని చెప్పుకునే జబ్బు. దీన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఈ జబ్బుపై జరిగిన పోరాటంలో మన అనంతపురానికి దేశంలోనే ఒక ప్రత్యేక స్థానం కలదు. అయినా ఇదే గడ్డమీద మనవాళ్ళు ఈ జబ్బును ఇంకా దాస్తూనే వున్నారు.

పూర్వం క్షయ అంటే శానిటోరియమే గతి. మన రాయలసీమలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచీ పేరు పొందినది. కానీ నెలల తరబడి పనీపాటా మాని, పిల్లల్ని వదిలి మంచంమీద పడుకునే స్తోమత ఎందరికుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ మొదలైన పరిశోధనలో కొందరు రోగుల్ని శానిటోరియంలో వుంచారు, కొందరికి ఇంటివద్దనే మందులిచ్చారు. ఇంట్లో వున్నవాళ్ళు ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో బతికేవాళ్ళు. అయినా మందు సక్రమంగా మింగినవాళ్ళు శానిటోరియం రోగులతో సమానంగా కోలుకున్నారు. వాళ్ళ ఇంటివాళ్ళకు జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆ మాట ప్రపంచమంతా విన్నది.

సరే, మందు ఇంటికి రావచ్చు. మరి రోగిని కనిపెట్టేదెలా? బెంగుళూరులో 1959లో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. దానికి చెందిన బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా పల్లెల్లో విచారించారు. పల్లె జనానికి తెలివి లేదు, ఆసుపత్రికి రారు అని అందరూ అనుకునే రోజులవి. తీరా చూస్తే క్షయ వున్నవాళ్ళలో సగానికి పైగా అప్పటికే ఏదో ఒక వైద్యశాల గడప తొక్కినవాళ్ళే! వాళ్ళకు అక్కడ దొరికింది దగ్గు మందు సీసా. చూడండి, రోగి తన పని తాను చేశాడు. ఆసుపత్రే అతణ్ణి గుర్తుపట్టలేదు.

1961లో దేశంలో మొట్టమొదటి నమూనా జిల్లా క్షయ కేంద్రాన్ని ఏర్పాటుచేశారు. ఎక్కడనుకున్నారు? మన అనంతపురం జిల్లాలో. అప్పటి జిల్లా అంటే 2022 నుంచి రెండుగా వున్న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు రెండూ. ప్రత్యేకంగా పెద్ద ఆసుపత్రి కట్టనక్కరలేదు, వున్న ఆసుపత్రుల్లోనే దగ్గుతో వచ్చినవాళ్ళ కఫం పరీక్షించాలి, దగ్గరలోనే మందివ్వాలి, జిల్లా కేంద్రం అందరికీ తర్ఫీదునిచ్చి లెక్క చూసుకోవాలి - ఇదీ ఆ పద్ధతి. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఈ దారినే దేశమంతా మొదలైంది. వానలు లేని సీమ అని మనల్ని చూసి జాలిపడేవాళ్ళకు ఈ సంగతి కూడా చెప్పాలి.

అప్పట్లో ఏడాది, ఏడాదిన్నర మందులు వాడవలసి వచ్చేది. ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలలు చాలు. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. రోగి పోషణకు 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి మొదలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, లేబరేటరీ టెక్నీషియను, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త దాకా ఇందరు ఒక గొలుసుకట్టుగా పనిచేస్తే ఒక రోగికి నయమవుతుంది. ఆ గొలుసులో చివరి కడియం మన ఇంటి వాకిలి. అక్కడే అది తెగుతున్నది.

ఎట్లా తెగుతుందో చెబుతాను. ఆశా కార్యకర్త వచ్చి "ఇంట్లో ఎవరికైనా దగ్గుందామ్మా?" అని అడుగుతుంది. "ఎవరికీ లేదు తల్లీ" అని తలుపు వేస్తారు. లోపల కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ వుంటుంది. దూది ఏకేవాళ్ళు దూది దుమ్ము అంటారు, బీడీలు చుట్టేవాళ్ళు పొగాకు ఘాటు అంటారు. కావచ్చు. కాకపోవచ్చు కూడా. రెండు వారాలు దాటిన దగ్గు ఏ పనివల్ల వచ్చిందని ఇంట్లో కూర్చుని తేల్చలేము, కఫం పరీక్షే తేల్చాలి. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో రక్తపు చార కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు.

దాచడానికి అసలు కారణం మనందరికీ తెలుసు. ఆడపిల్ల పెళ్ళి. "ఆ ఇంట్లో టి.బి. వుందట" అనే ఒక్క మాటతో సంబంధం తప్పిపోతుందని తల్లి భయం. ఆ భయం వట్టిది కాదు, మనమే దాన్ని నిజం చేస్తున్నాం. కానీ దాచిన దగ్గు ఆ పిల్లను ముందు మింగుతుంది, తర్వాత ఆమె ఒళ్ళో పసిబిడ్డను. ఈ జబ్బు గాలి ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా అంటుతుంది. పళ్ళెం ద్వారా, దుప్పటి ద్వారా అంటదు. గిన్నె వేరుపెట్టి మనసు కష్టపెట్టనక్కరలేదు. కిటికీ తెరవండి, దగ్గేటప్పుడు బట్ట అడ్డం పెట్టుకోమనండి, మందు మింగిస్తూ వుండండి. సరైన మందు పడితే కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం పోతుంది. మందు పూర్తిచేసి నయమైన పిల్లలో వంక వెతకడం అన్యాయం.

రెండవది, మధ్యలో మానేయడం. నెలా రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, ఒంటికి బలం వస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు బెంగుళూరు కూలికి బండెక్కుతారు. మందులు ఇక్కడే వుండిపోతాయి. సగంలో మానిన జబ్బు మందుకు లొంగనిదై తిరిగివస్తుంది. కాబట్టి వెళ్ళేముందు ఆసుపత్రిలో ఒక్కమాట చెప్పండి. మీ పేరు దేశమంతటికీ కలిపివున్న లెక్కలో నమోదై వుంటుంది, వెళ్ళిన వూళ్ళోనూ మందు దొరికే ఏర్పాటు చేస్తారు. ఇంకొక సంగతి: ఈ మాత్రలు వాడితే మూత్రం ఎర్రగా, నారింజరంగుగా వస్తుంది. రక్తం పోతోందని హడలిపోయి మానేసేవారున్నారు. అది మాత్ర రంగేనండీ. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపాలి.

రంజాన్ మాట కూడా చెప్పాలి. రోజా కోసం మందు మానే పెద్దలున్నారు. వ్యాధిగ్రస్తునికి మినహాయింపు వున్నదని, కోలుకున్నాక ఆ రోజాలు పూర్తిచేసుకోవచ్చని మనందరికీ తెలిసిన విషయమే. ఏ వేళకు ఏ మాత్రో డాక్టరును అడగండి. సొంతంగా మానుకోవద్దు.

ఇక ఆకలి సంగతి. మన కరువు నేలమీద క్షయకు పెద్ద తోడు ఆకలే. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇంటివాళ్ళకు నెలనెలా ఆహార దినుసులిచ్చి చూశారు. 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అలా తిండి అందిన ఇళ్ళల్లో కొత్తగా జబ్బు రావడం 39 శాతం తగ్గింది. పప్పు, బియ్యం, నూనె కూడా మందే అన్నమాట.

అందుచేత సంఘానికి మూడు మనవులు. 2022 నుంచి నిక్షయ్ మిత్ర పేరుతో ఎవరైనా, ఏ సంఘమైనా రోగికి నెలనెలా ఆహార దినుసులు ఇచ్చే ఏర్పాటున్నది. మన సంఘం ఈ ఏడు కొందరు రోగుల్ని, మతం చూడకుండా, చేపట్టాలి. ఆసుపత్రికి ఒంటరిగా పోలేని ఆడవాళ్ళ వెంట వెళ్ళడానికి మన సోదరీమణుల్లో ఇద్దరు ముగ్గురు ముందుకు రావాలి. మూడవది డబ్బుతో పనిలేనిది, కానీ అన్నిటికన్నా కష్టమైనది. నయమైన టి.బి.ని సాకుగా చెప్పి సంబంధం వదులుకోమని ఇక్కడున్న ప్రతి తండ్రీ, ప్రతి తల్లీ మాటివ్వాలి.

ఆరోగ్య శాఖలో లోపాలు లేవని నేననను. ఖాళీగా వున్న ఉద్యోగాలుంటాయి, మందు ఆలస్యమయ్యే రోజులుంటాయి. వాటిని అడిగే హక్కు మనకున్నది, గట్టిగా అడుగుదాం. కానీ తలుపు మూసుకున్నవాడు అడగలేడు. 1961లో ఈ జిల్లా దేశానికి దారి చూపింది. ఆ దారి మన వీధిదాకా వచ్చివున్నది, తలుపు తీయడం మన చేతిలో వుంది.